మారినదేమి, నిలిచినదేమి? – మన చరిత్ర వ్యాసములపై ఒక విమర్శ

మన పత్రికలలోను, పాఠశాలల పరీక్షాపత్రములలోను తరచుగ కనబడు చరిత్ర వ్యాసమునకు ‘నాడు–నేడు’ అని పేరు పెట్టవచ్చును. ఒక ఆచారమును గైకొని, అది పూర్వమెట్లుండెను, ఇప్పుడెట్లున్నది యని చెప్పుట దీని పని. పని మంచిదే. కాలగతిలో ఏది మారినది, ఏది మారక నిలిచినది యను ప్రశ్నకంటె చరిత్ర వ్రాయువానికి ముఖ్యమైనది మఱొకటి లేదు. కాని ఆ ప్రశ్నకు మనవారు వ్రాయు సమాధానములను చదివినకొలది, వానిలో పెక్కు ప్రశ్నను తప్పించుకొని పోవుచున్నవని మాకు తోచుచున్నది. ఉపాధ్యాయవృత్తిలో నుండి ఇట్టి వ్యాసములను వందలకొలది దిద్దినవారము గనుకను, పెద్దలు వ్రాయునవియు వానికంటె భిన్నముగ లేవు గనుకను, ఈ విషయమును కొంత విడమరచి చెప్పదలచితిమి.

ఇట్టి వ్యాసములు రెండు తెగలు. మొదటి తెగవారికి పూర్వమంతయు చీకటి, నేడంతయు వెలుగు. నడుమ నొక మహాపురుషుడు, ఒక శాసనము. రెండవ తెగవారికి నాడును నేడును ఒక్కటే. పేర్లు మారును గాని మనుష్యస్వభావము మారదని వారి సిద్ధాంతము. వీరిద్దరు చూచుటకు ప్రతిపక్షులవలె నుందురు. కాని ఇరువురి లోపము నొక్కటియే. రెండు తేదీల నడుమ ఏమి జరిగినదో వారు చూడరు. ఒకరు నిలిచినదానిని దాటిపోవుదురు, ఒకరు మారినదానిని దాటిపోవుదురు. కారణ మేమని యడిగినచో ఇరువురును “కాలము మారినది” యనియో, “కాలము మారలేదు” అనియో చెప్పి ముగింతురు. కాలము తానుగ దేనిని మార్చదు, దేనిని నిలుపదు. మార్చువారు మనుష్యులు, నిలుపువారును మనుష్యులే. ఈ రెండవమాటను మఱచుటయే మన వ్యాసములకు గల పెద్ద కొఱత యని మా యభిప్రాయము.

దీనిని ఊరక చెప్పుటకంటె ఒక యుదాహరణముతో చూపుట మేలు. తెలుగునాట వివాహమునందు చేతులు మారిన ధనము యొక్క చరిత్రను గైకొందము. ఇది ప్రతి గృహమునకును తెలిసిన విషయము. దీనికి రెండు చివరల రెండు ప్రసిద్ధ నాటకములు కూడ నిలిచియున్నవి. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెంచి మార్చిన రూపమున మరల వెలువడినది. అందు కన్య తండ్రి ధనము పుచ్చుకొనును. కాళ్లకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’ 1920ల దశాబ్దమున వచ్చినది. 1939లో చలనచిత్రము కూడ నయ్యెను. అందు వరుని తండ్రి ధనము పుచ్చుకొనును. ముప్పదియేండ్లకు కొంచె మటునిటు కాలములో ప్రవాహము తలక్రిందులైనది.

దీనిపై మొదటి తెగవాని వ్యాసమెట్లుండును? “సంస్కర్తల కృషివలన కన్యాశుల్కమను దురాచారము నశించెను” అని యుండును. రెండవ తెగవాని వ్యాసమో? “కన్యాశుల్కము పోయి వరశుల్కము వచ్చెను, లోభ మెన్నటికి నొక్కటియే” అని. రెండింటను కొంత నిజమున్నది; ఏ యొక్కటియు చరిత్ర కాదు. ఏల కాదో క్రమముగ చూతము.

మొట్టమొదట, కథ నెక్కడ ప్రారంభింపవలెనను ప్రశ్న. వ్యాసకర్తకు ‘పూర్వము’ అను మాట మిక్కిలి యుపకారి. ఆ యొక్క మాటతో వేదకాలమును, తాతగారి కాలమును ఒకే మూటలో గట్టవచ్చును. కాని ధర్మశాస్త్రములను విప్పిచూచినచో ఆ మూట విడిపోవును. ఎనిమిది విధములగు వివాహములలో ధనమిచ్చి కన్యను గొనుటకు ఆసురమని పేరు. మనుస్మృతి తృతీయాధ్యాయమున తండ్రి శుల్కము స్వల్పమైనను పుచ్చుకొనరాదని నిషేధమున్నది. అదే గ్రంథము తొమ్మిదవ యధ్యాయమున, శుల్కమిచ్చినవాడు వివాహమునకు ముందే చనిపోయినచో కన్యనేమి చేయవలెనో నియమమున్నది. ఆ నియమమునకు కన్య సమ్మతింపవలెనను షరతు కూడ నున్నది. నిషేధమును నియమమును పక్కపక్కనే యున్నవి. శాస్త్రమును ప్రమాణముగ నెత్తుకొనువారు తమకు కావలసిన శ్లోకమునే చూపుదురు. చరిత్ర వ్రాయువాడు రెండును చూపి, ఒక పనిని పదేపదే నిషేధింపవలసివచ్చినదనగా ఆ పని జరుగుచుండెనని గ్రహింపవలెను. కావున కన్యాశుల్కము పందొమ్మిదవ శతాబ్దమున పుట్టినది కాదు. అట్లని యుగయుగములుగ ఒకే తీరున నుండినదియు కాదు. “మా కథ 1880 ప్రాంతమున మొదలగును, అంతకు ముందున్నదానిని గూర్చి ఇంతమాత్రమే చెప్పగలము” అని హద్దు గీసికొన్న వ్యాసమునకే విలువ.

రెండవది సాక్ష్యము. కన్యాశుల్కమునకు సంబంధించినంతవరకు మనకొక యపురూపమైన పట్టిక దక్కినది. విజయనగర మహారాజు ఆనంద గజపతిగారు విశాఖపట్టణ మండలములో మూడేండ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్కవివాహముల జాబితా వ్రాయించిరి. గురజాడవారు తమ నాటకపు తొలిముద్రణ పీఠికలో దాని లెక్కలు చెప్పిరి. మొత్తము 1,034 వివాహములు. అందు అయిదేండ్ల బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ యంకెలను చదివి కంట తడిపెట్టని గృహస్థుడుండడు. కాని కంట తడిపెట్టుటతో వ్యాసకర్త పని తీరదు. ఈ పట్టిక ఒక మండలమునకు, ఒక వర్ణమునకు చెందినది. పుచ్చుకొన్నవారు ఒప్పుకొనుటకు జంకుదురు గనుక జాబితా సంపూర్ణము కాదని గురజాడవారే చెప్పిరి. శుల్కము లేక జరిగిన వివాహములెన్నియో ఇందు లేదు. కనుక దీనినిబట్టి “ఆంధ్రదేశమున నందరును కన్యలను విక్రయించిరి” అని వ్రాసినవాడు పట్టికను చదివినవాడు కాడు.

నాటకములును సాక్ష్యములే, కాని వేఱు విధమగు సాక్ష్యములు. ఒక దురాచార మెన్ని యిండ్లలో నుండెనో నాటకము చెప్పలేదు. దానినిగూర్చి ఆ కాలపు మనుష్యులు దేనికి సిగ్గుపడనారంభించిరో చెప్పగలదు. మన కావ్యములనుండి ఆచారవ్యవహారములను ఏరి సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ప్రకటించిన నాటినుండి సాహిత్యమును చరిత్రకు వాడుకొనుట మనకు తెలిసిన విద్యయే. అయినను పట్టికను పట్టికవలెను, నాటకమును నాటకమువలెను చదువు నలవాటు మన వ్యాసకర్తలకు ఇంకను పట్టుబడలేదు.

మూడవది, ఎవరి చరిత్ర యను ప్రశ్న. బ్రాహ్మణేతర కులములలో పెక్కింట వరుని పక్షమువారు కన్య తండ్రి కిచ్చు ధనమునకు ‘ఓలి’ యని పేరుండెను. ఓలియు కన్యాశుల్కమును పైకి ఒక్కటే. కాని ఓలి యిచ్చు కులములలో అనేకమునందు స్త్రీ పొలమున పనిచేయును. ఆమె పోవుటవలన పుట్టింటికి రెండు చేతుల కష్టము తగ్గును. భర్త చనిపోయినను, విడిచినను, మారుమనువునకు త్రోవ యుండెను. బ్రాహ్మణ గృహమునందట్లు కాదు. రజస్వలకాక పూర్వము పెండ్లి చేయవలెను. భార్య చనిపోయిన వృద్ధుడు మరల పెండ్లాడవచ్చును, భర్త చనిపోయిన బాలిక పెండ్లాడరాదు. ఈ మూడు కట్టుబాట్లు కలసినచోట శుల్కము పసిపిల్లను ముసలివాని కిచ్చి, కొన్నియేండ్లకు ఆమెను వితంతువుగ తెచ్చి యింట కూర్చుండబెట్టు యంత్రమయ్యెను. గురజాడవారి బుచ్చమ్మ కథ అదియే. వితంతు వివాహమునకు 1856లోనే శాసనమైనను, రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినది 1881 డిశంబరులో. శాసనమునకును తొలి పెండ్లికిని నడుమ ఇరువదియైదేండ్లు గడచినవి. ఒకే నాణెము రెండిండ్లలో రెండు పనులు చేయుచుండగా, ఆ రెండింటికి ఒకే పేరు పెట్టి ఒకే చరిత్ర వ్రాయుట తగదు.

నాలుగవది కారణము. ఇచ్చట మన వ్యాసకర్తలు శాసనముల తేదీలను వరుసగ పేర్చి, అవియే మలుపులని తలంతురు. మన యుదాహరణమున ఆ పద్ధతి పూర్తిగ విఫలమగుచున్నది. కన్యాశుల్కమును మాన్పుటకు ఆనంద గజపతిగారు చట్టము చేయింప యత్నించిరి, అది నెరవేరలేదు. చట్టము లేకయే ఆ యాచారము సన్నగిల్లినది. వరకట్నమునకో, ఆంధ్రప్రదేశమున 1958లో ఒక చట్టము వచ్చెను. 1961లో దేశమంతటికి నిషేధచట్టము వచ్చెను. 1984, 1986 సంవత్సరములలో దానిని బిగించిరి. 1986లో వరకట్న మరణమును శిక్షాస్మృతిలో ప్రత్యేక నేరముగ చేర్చిరి. ఇన్ని చట్టము లుండగనే ఆచారము పెరిగి, ఓలి యిచ్చిన కులములకు కూడ ప్రాకినది. 2022 సంవత్సరమునకు ప్రభుత్వ నేరగణాంకములలో దేశమున నమోదైన వరకట్న మరణములు ఆరువేలకు పైబడినవి.

అయినచో ప్రవాహము తిరుగుటకు కారణమేమి? మదరాసు విశ్వకళాపరిషత్తు 1857లో ఏర్పడినది. పట్టపరీక్షలో కృతార్థుడైన బాలునకు కచేరీలో కొలువు, నెల జీతము, పట్టణవాసము వచ్చెను. అట్టి బాలురు కొందఱే. వారిని కోరు తండ్రులు పలువురు. మఱొకప్రక్క గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియై, డెల్టాభూములకు విలువ హెచ్చి, కొలువుగల యల్లుని కొనగల ధనము కొందఱి చేతికి వచ్చినది. ఇట్లు కొఱత కన్యనుండి వరునివైపునకు జరిగినది. సంస్కర్తల మాట వృథాయని మేమనము. కూతురిని విక్రయించుట సిగ్గుచేటని జనులు తలంచునట్లు చేసినవారు వారే. కాని ఆ సిగ్గు కూతురి విక్రయమువద్దనే యాగిపోయినది. కుమారుని విక్రయము గౌరవముగ తోచినది. సంస్కర్తల విజయమెంతవరకో ఈ యొక్క వాక్యమున చెప్పవచ్చును. ‘నశించెను’ అను క్రియ దానిని చెప్పలేదు.

ఇంకొక సంగతి. వివాహమనునది ఒకే త్రాడు కాదు. పలు పోగులు పేనిన త్రాడు. అందు వయస్సొక పోగు, ధనమొక పోగు, కన్య సమ్మతి యొక పోగు. ఇవి మూడును ఒకే వేగమున మారవు. శారదా చట్టము 1929లో బాలికకు 14 ఏండ్ల వయస్సు నిర్ణయించినది. 1949లో అది 15, 1978లో 18 అయినది. అయిదేండ్ల పెండ్లికూతురు నేడు మన యిండ్లలో వింత. ఇది నిజమైన మార్పు. దీనిని కాదనువాడు కన్నులు మూసికొన్నవాడు. అయినను 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 20–24 ఏండ్ల స్త్రీలలో 18 నిండకమునుపే వివాహమైనవారు ఆంధ్రప్రదేశమున 29.3 శాతము, తెలంగాణమున 23.5 శాతము. వయస్సు పోగు చాల జరిగినది గాని గమ్యము చేరలేదు. ధనపు పోగు దిక్కు మార్చుకొన్నది. సమ్మతి పోగు మాటయేమి? రెండు నాటకములను పక్కపక్కన నుంచినచో ఒక విశేషము కనబడును. రెండింటను ఇద్దరు కూతుండ్లుగల తండ్రి యున్నాడు. గురజాడవారి నాటకమున సుబ్బిని లుబ్ధావధానులనుండి తప్పించునది ఇతరుల యుపాయము. ఆ పిల్లను అడిగినవారు లేరు. కాళ్లకూరివారి నాటకమున కాళింది ప్రాణత్యాగము చేసి యీ బేరమును కాదనును. కమల మాటలతో కాదనును, వరుని కొన్నాము గనుక అతడే మా యింటికి రావలెనని వాదించును. రెండిచోట్లను బేరము పెద్దలే యాడిరి, అది నిలిచినది. కన్యకు చదువు వచ్చినది, నోరు వచ్చినది, అది మారినది.

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచిన విషయమునకు వత్తుము. మన వ్యాసకర్తలు మార్పునకు కారణము వెదకుదురు, నిలుకడకు వెదకరు. కొండ నిలిచినట్లు ఆచారము తానుగ నిలిచినదని వారి తలంపు. కాని ఆచారము కొండ కాదు. ప్రతియేట కప్పవలసిన పూరిల్లు. ఎవరో యొకరు కప్పుచున్నారు గనుకనే అది నిలిచియున్నది. ఎవరు, ఎందుకు, దేనితో కప్పుచున్నారని యడుగుటయే నిలుకడ చరిత్ర.

వరకట్నము నిలుచుటకు చెప్పెడు కారణములలో ప్రసిద్ధమైనది, ఆడుబిడ్డకు పిత్రార్జితమున భాగము లేదు గనుక కట్నమే ఆమె భాగమనునది. ఈ కారణమును పరీక్షించుటకు చరిత్రయే మనకు వీలు కల్పించినది. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహితలగు కుమార్తెలకు ఉమ్మడి యాస్తిలో కుమారులతో సమానమగు హక్కు కలిగినది. 2005లో దేశమంతట కుమార్తెల కట్టి హక్కు వచ్చినది. కట్నమునకు అదియే కారణమైనచో, హక్కు వచ్చిన పిమ్మట కట్నము తగ్గవలెను. తగ్గలేదు. కావున ఆ కారణము చాలదని తేలినది. ఒక కారణమును తొలగించిన పిమ్మటను కార్యము నిలిచియున్నచో మఱొక కారణమును వెదకవలెనని తర్కశాస్త్ర మెఱిగిన ప్రతివాడును ఒప్పుకొనును. చరిత్ర వ్యాసమున మాత్రమేల మఱతుమో తెలియదు.

ఆ మఱొక కారణమును వెదకుటకు గ్రంథాలయమునకు పోనక్కరలేదు. అక్కకు కట్నమిచ్చి అప్పులపాలైన తండ్రి, తమ్ముని పెండ్లిలో దానిని రాబట్టుకొనును. అట్లిచ్చిన వియ్యంకుడు తన కుమారుని వివాహమున రాబట్టుకొనును. ఇందు ప్రతివాడును ఇచ్చినవాడే గనుక, పుచ్చుకొనుట అన్యాయమని ఎవనికి తోచదు. నేనొక్కడను మానినచో నా కూతురికి తగిన సంబంధము రాదను భయ మొకవైపు. నేనొక్కడను మానినచో నేనిచ్చినది మునిగిపోవునను లెక్క యొకవైపు. ఈ భయమును, ఈ లెక్కయు ప్రతి తరమున క్రొత్తగ పుట్టుచున్నవి. ఆచారము పాతదే, దానిని నిలుపు కారణము ప్రతి పెండ్లికి క్రొత్తది.

పేర్లుకూడ ఈ పనిలో తోడుపడును. కట్నమను మాటకు తొల్లి కానుక యని యర్థము. పెండ్లిపందిరిలో బంధువులు కట్నములు చదివించుట నేటికిని కలదు. చట్టము కట్నమును నిషేధింపగా, ఇచ్చునది లాంఛనములైనది, ఆడపడుచు లాంఛనమైనది, పసుపుకుంకుమలైనది, అమ్మాయి పేర నిలువయైనది. ఇచ్చట నిలిచినది వస్తువు, మారినది పేరు. కట్నమను మాటయందో, నిలిచినది పేరు, మారినది వస్తువు. ఈ రెండును ఒకే పెండ్లిలో నుండవచ్చును. పేరునుబట్టి తీర్పు చెప్పువాడు రెండుచోట్లను మోసపోవును.

ఈ విమర్శ కేవలము వ్యాసరచనకు సంబంధించినదని చదువరులు తలంపవలదు. “నశించెను” అని చదివిన గృహస్థుడు తన పని తీరినదనుకొనును. “ఎన్నటికి నొక్కటియే” అని చదివినవాడు చేయదగిన పనియే లేదనుకొనును. ఇరువురును తమ కుమారుని పెండ్లిలో చేయిచాపుటకు ఈ వ్యాసములు అడ్డురావు. ఇది మారినది, ఇందువలన మారినది. ఇది నిలిచినది, వీరివలన నిలిచినది యని చదివినవాడు మాత్రము, ఆ ‘వీరిలో’ తానున్నాడేమో యని యొక్క క్షణమైన నాలోచించును.

కావున విద్యార్థులకును, పత్రికలకు వ్రాయువారికిని మా సలహా క్లుప్తముగ నిది. హద్దులుగా రెండు సంవత్సరములను నిర్ణయించుకొనుడు. పోగులను విడదీయుడు. ఎవరి యింటి చరిత్ర వ్రాయుచున్నారో చెప్పుడు. సాక్ష్యము చెప్పినంతే చెప్పుడు. మార్పునకు కారణమును చెప్పినట్లే నిలుకడకును కారణమును చెప్పుడు. చెప్పిన కారణమును పరీక్షింపుడు.

ఇండ్లలో నుండి ఈ పత్రిక చదువు సోదరీసోదరులకు ఇంకొక మాట. మీ పెట్టెలలో పాత పెండ్లి ఖర్చుల చిట్టా యుండును, శుభలేఖ లుండును, చదివింపుల పుస్తకముండును, పసుపుకుంకుమల క్రింద వ్రాసిన భూమి దస్తావేజు ఉండవచ్చును. అమ్మమ్మ పెండ్లి, అమ్మ పెండ్లి, మీ పెండ్లి, ఈ మూడింటిని మూడు వరుసలుగ వ్రాసికొని, వయస్సెంత, ధనమెంత, ఎటునుండి యెటు పోయినది, పెండ్లికూతురి నడిగిరా లేదా యని నింపుడు. కడపటి గడి చిట్టాలలో దొరకదు. దానికి మీ అమ్మమ్మనో, అమ్మనో అడుగవలసియుండును. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసిపెట్టుడు. ఆ గడి ఖాళీగ నున్నంతకాలము మన వివాహచరిత్ర సగమే వ్రాసినట్లు.